కరెంటు బండి మీద దూరం పోవాలంటే
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

మా సార్లు, టీచర్లు ముందు వరుసలో కూర్చుని ఉండగా మైకు పట్టుకుంటే ఈ వయసులో కూడా చేతులు కట్టుకుని నిలబడాలనే అనిపిస్తుంది.

"పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అని మన సంఘం కార్యదర్శి అన్నారు. నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. మూడేళ్లుగా కరెంటు స్కూటర్ నడుపుతున్నాను. మన వాట్సాప్ గ్రూపులో నెలకు నలుగురైనా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఊళ్ళో బాగానే ఉంది, దూరం పోవచ్చా?" ఈ రోజు దానికే జవాబు చెబుతాను. పోవచ్చు. అయితే నేర్చుకుని పోవాలి.

2024 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బండ్లకు రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 వరకు మాఫీ చేసింది. అప్పటినుంచి మనవాళ్ళలో ఈ బండ్లు మరీ పెరిగాయి. పిల్లలు కొనిచ్చినవి కొన్ని, పెట్రోలు ధర చూసి మనమే కొన్నవి కొన్ని. ఆబిడ్స్ జీపీఓ నుంచి నాంపల్లి స్టేషన్‌కు, అక్కడినుంచి మొజంజాహీ మార్కెట్‌కు, కోఠీకి తిరగడానికి ఇంతకంటే సుఖమైన బండి లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వృథాగా తిరగదు. బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. నుమాయిష్ రోజుల్లో గాంధీభవన్ ముందు అరగంట ఇరుక్కున్నా ఖర్చయ్యేది కొంచెమే.

ఇక్కడే మొదటి పాఠం ఉంది. నలభై ఏళ్లుగా పెట్రోలు బండి నడిపిన మన చేతులకు ఒక లెక్క అలవాటైంది: ఊళ్ళో మైలేజీ తక్కువ, హైవే మీద ఎక్కువ. కరెంటు బండికి ఇది తలకిందులు. ఊళ్ళో ఎక్కువ, హైవే మీద తక్కువ. ఆబిడ్స్‌లో బయలుదేరినప్పుడు మీటరు "ఇంకా 100 కిలోమీటర్లు" అని చూపిస్తుంది. ఆ అంకె మీరు అంతకుముందు ట్రాఫిక్‌లో మెల్లగా నడిపిన తీరు చూసి వేసిన అంచనా. ఉప్పల్ దాటి వేగం పెంచగానే అదే అంకె గబగబా పడిపోతుంది. బండి చెడిపోయిందని చాలామంది కంగారు పడేది అప్పుడే. బండికి ఏమీ కాలేదు, లెక్క మారిందంతే.

ఎందుకు మారుతుంది? మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే "యూనిట్" అందరికీ తెలుసు. సాధారణంగా మన స్కూటర్లలో ఉండే బ్యాటరీలో సుమారు మూడు యూనిట్లు పడతాయి. ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తిని యూనిట్లలోకి మారిస్తే దాదాపు తొమ్మిది. అంటే మీ బ్యాటరీ మొత్తం కలిపి మూడోవంతు లీటరు పెట్రోలుకు సమానం! పాత రోజుల్లో సీసాలో పోయించుకునేవాళ్లం చూడండి, అంతకంటే తక్కువ. ఆ కొంచెంతోనే తొంభై, వంద కిలోమీటర్లు పోతుందంటే మోటారు గొప్పతనం. పెట్రోలు ఇంజన్ తాగినదాంట్లో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. మోటారు వచ్చినదాంట్లో ఎక్కువ భాగం చక్రానికే ఇస్తుంది. కానీ సంచీలో ఉన్నదే కొంచెం కాబట్టి, ఏ ఖర్చైనా కంటికి కనబడుతుంది. ఐదు లీటర్ల టాంకు ఉన్నప్పుడు ఎదురుగాలిని మనం పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకోవాలి.

ఖర్చులు నాలుగు. మొదటిది వేగం. మన తొమ్మిదో తరగతి ఫిజిక్స్ గుర్తు చేసుకోండి. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 40 నుంచి 60కి పోతే వేగం ఒకటిన్నర రెట్లు, గాలి బలం రెండుంపావు రెట్లు. నా బండికి నేను రాసుకున్న పుస్తకంలో లెక్క ఇది: 40 వేగంలో యూనిట్‌కు 40 కిలోమీటర్లు, 50లో 33, 60లో 28. మీ బండికి ఇవే అంకెలు రావు. కానీ వరుస మాత్రం ఇదే. దారిలో చార్జింగ్ సరిపోదేమో అని అనుమానం వస్తే చేయాల్సిన పని ఒక్కటే, వేగం పది తగ్గించడం. తొందరగా ఇల్లు చేరాలని వేగం పెంచేవాళ్లు దారిలో ఆగిపోతారు.

రెండోది ఎత్తు. బండి 120 కిలోలు, మనిషి 70, సామాను 10, మొత్తం 200 కిలోలనుకోండి. దాన్ని వంద మీటర్ల ఎత్తు ఎక్కించడానికి ఒక యూనిట్‌లో పద్దెనిమిదో వంతు కావాలి. మోటారు నష్టం కలుపుకుంటే రెండు కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడా. వెనుక ఇంకొకరు కూర్చుంటే ఇంకా ఎక్కువ.

మరి మన దారి ఎక్కుతోందా, దిగుతోందా? రోడ్డు చూస్తే తెలియదు. మూసీని చూడండి. మూసీ పడమట అనంతగిరి కొండల్లో పుట్టి, మన ఊరు మధ్యనుంచి తూర్పుకు పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నీళ్లు పల్లానికే పోతాయి కదా. కాబట్టి వికారాబాద్, అనంతగిరి వైపు పోతే మొత్తం మీద ఎక్కడం, వచ్చేటప్పుడు దిగడం. భువనగిరి, యాదగిరిగుట్ట వైపు పోతే దిగడం, వచ్చేటప్పుడు ఎక్కడం. చిన్నప్పుడు జాగ్రఫీలో గీసిన నదుల పటం ఇప్పుడు బ్యాటరీకి పనికొచ్చింది.

మూడోది గాలి. ఆషాఢం గాలి మనకు పడమటినుంచి వీస్తుంది. గంటకు 20 వేగంతో ఎదురుగాలి ఉంటే, మీరు 40లో పోతున్నా బండికి 60లో పోతున్నట్టే తగులుతుంది. ఆ నెలల్లో అనంతగిరి పోయేటప్పుడు ఎత్తూ ఎదురే, గాలీ ఎదురే. గుట్టకు పోయేటప్పుడు రెండూ అనుకూలం, తిరుగు ప్రయాణంలో రెండూ ఎదురు. అందుకే "సగం బ్యాటరీతో చేరాం, మిగిలిన సగంతో వచ్చేస్తాం" అనే లెక్క పనికిరాదు.

నాలుగోది టైర్లలో గాలి. మెత్తబడిన టైరు రోజూ కొంచెం కొంచెం తినేస్తుంది. దూరం పోయే రోజు పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి పుస్తకంలో రాసినంత గాలి పట్టించండి. ఐదు నిమిషాల పని.

ఇప్పుడు ఒక ప్రయాణం లెక్క వేద్దాం. ఆబిడ్స్ నుంచి యాదగిరిగుట్ట సుమారు 65 కిలోమీటర్లు. పోయేటప్పుడు మెల్లగా పోతే నా బండికి యూనిట్‌కు 35 వస్తుంది. అంటే 1.9 యూనిట్లు ఖర్చు. మూడింటిలో మిగిలేది 1.1. వచ్చేటప్పుడు యూనిట్‌కు 32 అనుకుంటే రెండు యూనిట్లు కావాలి. ఇంటికి చేరేసరికి ఐదోవంతు, అంటే 0.6 మిగిలి ఉండాలన్నది నా నియమం. మొత్తం 2.6 కావాలి, చేతిలో 1.1 ఉంది, తక్కువ పడేది 1.5. మనతో వచ్చే మామూలు చార్జర్ గంటకు 0.7 యూనిట్ల దాకా నింపుతుంది. రెండు గంటల పది నిమిషాలు చాలు. దర్శనం, భోజనం, కాసేపు నడుం వాల్చడం అయ్యేసరికి ఆ టైము ఎలాగూ అవుతుంది.

కాబట్టి ప్రయాణానికి ముందు చేయాల్సిన అసలు పని, ఆ రెండు గంటలు ఎక్కడ ప్లగ్గు పెట్టాలో తేల్చుకోవడం. హోటల్‌కో, లాడ్జికో ముందుగా ఫోన్ చేసి అడగండి. "15 ఆంపియర్ల సాకెట్ ఉందా, బండి దాని దగ్గరకు వస్తుందా, ఎర్తింగ్ ఉందా" అని మూడు ప్రశ్నలు. కరెంటు ఊరికే తీసుకోవద్దు. మీరు వాడుకునేది రెండు యూనిట్లు కూడా కాదు, యాభై రూపాయలు చేతిలో పెడితే వాళ్లకూ సంతోషం, తర్వాత వచ్చేవాళ్లకూ మర్యాద దక్కుతుంది. రోడ్డు మీద ఫాస్ట్ చార్జర్ ఉందని ఫోనులో చూసి బయలుదేరేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అన్ని కంపెనీల ప్లగ్గులు ఒకటి కావు. 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ చిన్న బండ్లకు ఒక కనెక్టర్‌ను ప్రమాణంగా ఆమోదించింది, కానీ అందరూ దానికి రాలేదు. చార్జర్ కనిపించడం వేరు, అది మీ బండికి పట్టడం వేరు. దానికితోడు ఎనభై శాతం దాటాక చార్జింగ్ నెమ్మదిస్తుంది. ఆ చివరి ఇరవై కోసం దారిలో కూర్చోవడం దండగ.

ఇదంతా మొదటి వారంలోనే చేయమని నేను చెప్పను. ఈత నేర్చుకునేవాడు ముందు గట్టు దగ్గరే నేర్చుకుంటాడు. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, బయలుదేరినప్పుడు శాతం, చేరినప్పుడు శాతం. నాలుగే గడులు. మొదటి రెండు వారాలు ఊళ్ళో తిరిగినదే రాయండి. తర్వాత ఒక ఆదివారం పొద్దున గండిపేట దాకా పోయి రండి. ఆ తర్వాత చిలుకూరు. ఆ తర్వాత భువనగిరి, అక్కడ చార్జింగ్ పెట్టుకుని రావడం. ఒక్కో మెట్టు దాటాక మీ బండి శాతానికి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో మీకే తెలుస్తుంది. కంపెనీ కాగితం మీద ఉండే అంకె పరీక్షశాలలో వచ్చింది. మీ బరువు, మీ చేయి, మీ దారి కలిపి వచ్చే అంకె మీ నోటుబుక్‌లోనే దొరుకుతుంది. చిన్నప్పుడు కిరాయి సైకిల్ తెచ్చుకుని గంట దాటితే ఇంకో గంట డబ్బులని నిమిషాలు లెక్కపెట్టుకుంటూ తొక్కినవాళ్లమే మనం. ఈ లెక్క మనకు కొత్త కాదు.

మన బ్యాచ్‌లో ఒకామె ఉంది. ఈ సభలోనే ఉంది, పేరు చెప్పొద్దంది. మలక్‌పేటలో ఉంటుంది. భర్త పోయాక పిల్లలు "ఇంక బండి ఎందుకమ్మా, ఎక్కడికైనా మేం తీసుకెళ్తాం" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ వాళ్లకు తీరిక దొరికిన రోజే ఆమె అక్కను చూడటానికి భువనగిరి పోవాలి. ఆ అక్క మంచం పట్టి ఉంది. "ఒక్కదాన్నే ఎంత దూరం పోయి రాగలను?" అని ఆమె నన్ను అడిగింది. ఈ ప్రసంగం మొత్తం ఆ ప్రశ్నకు జవాబే. రెండు నెలలు పైన చెప్పిన మెట్లన్నీ ఎక్కింది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి పొద్దున ఆరింటికి బయలుదేరుతుంది. ఘట్‌కేసర్‌లో ఒకసారి, బీబీనగర్ ఎయిమ్స్ దాటాక ఒకసారి ఆగి కొడుక్కు ఫోన్ చేస్తుంది. ఫోనులో చెప్పేది ఒక అంకె మాత్రమే, ఎంత శాతం ఉందో. అక్క ఇంట్లో ప్లగ్గు పెట్టి, అక్కకు అన్నం తినిపించి, ఎండ తగ్గాక తిరిగి వస్తుంది. మొదట్లో వద్దన్న కొడుకే ఇప్పుడు ఆ అక్క ఇంట్లో ఎలక్ట్రీషియన్‌ను పెట్టి మంచి సాకెట్ వేయించాడు. మన వయసువాళ్లకు దూరం అంటే షికారు కాదు. ఎవరినీ అడగకుండా అయినవాళ్ల దగ్గరకు పోయి రాగలగడం.

ఇక ఈ రోజు మీకు ఒక్క మాటే గుర్తుంటుందనుకుంటే, అది చార్జింగ్ జాగ్రత్త అయి ఉండాలి. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక భవనంలో మంటలు లేచాయి. కింద కరెంటు స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబర్ 13న మన నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వచేసిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది పోయారు. రెండోదానికి బండ్లతో సంబంధం లేదు. కానీ రెండూ చెప్పేది ఒకటే. కింద అంటుకుంటే పొగ మెట్లమీదుగా పైకి పోతుంది, పైనున్నవాళ్లకు దిగే దారి ఆ మెట్లే. ఆబిడ్స్, నాంపల్లి గల్లీల్లో పాత ఇళ్లు, ఒక్కటే మెట్లదారి. కాబట్టి మెట్ల కింద, తలుపు ముందు, గ్యాస్ సిలిండర్ పక్కన చార్జింగ్ పెట్టకండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకండి. బండికని విడిగా ఎంసీబీ, ఎర్తింగ్ ఉన్న సాకెట్ వేయించండి. వేరే బండి చార్జర్, చవక చార్జర్ ముట్టుకోవద్దు. దూరం నుంచి రాగానే బ్యాటరీ వేడిగా ఉంటుంది, అరగంట చల్లారనిచ్చి ప్లగ్గు పెట్టండి. తీసి ఇంట్లోకి తెచ్చుకునే బ్యాటరీ అయితే అందరూ నిద్రపోయాక చార్జింగ్ వద్దు. ఉబ్బిన బ్యాటరీని, కింద పడిన బ్యాటరీని, వరద నీళ్లలో మునిగినదాన్ని సర్వీస్‌వాళ్లు చూసేదాకా వాడొద్దు. పొగ వస్తే ఆర్పే ప్రయత్నం మీరు చేయకండి, అందరినీ బయటకు పంపి 101కి ఫోన్ చేయండి. 2022 ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతా నిబంధనలను బిగించింది. అవి ఆ డిసెంబర్‌లో, తర్వాత 2023 మార్చి చివర్లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. అంతకుముందు తయారైన పాత బండి కొనేవాళ్లు బ్యాటరీ సంగతి గట్టిగా అడిగి కొనండి.

రోడ్డు మీద కూడా రెండు మాటలు. ఈ బండికి చప్పుడు లేదు. నాంపల్లి దర్గా ముందు, ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాల ఫుట్‌పాత్ దగ్గర నడిచేవాళ్లకు మీరు వస్తున్నట్టు తెలియదు. మనమే చూసుకుని పోవాలి. యాక్సిలరేటర్ తిప్పగానే బండి ముందుకు దూకుతుంది, కాబట్టి ఆగి ఉన్నప్పుడు చేయి దాని మీద పెట్టకండి. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి ఏ టూవీలరూ పోకూడదు, సర్వీస్ రోడ్డే మనది. గంటకు 25 దాటని చిన్న బండ్లకు లైసెన్స్ అక్కర్లేదని కొందరు కొన్నారు. అవి గల్లీలకే. వాటిని హైవే ఎక్కించొద్దు. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. మన వయసులో గంటకోసారి ఆగాలి, బ్యాటరీ కోసం కాకపోయినా మోకాళ్ల కోసం. చీకటి పడేలోపు ఇల్లు చేరేలా లెక్క వేసుకోవాలి. ఇరవై శాతం కిందికి వస్తే చాలా బండ్లు మెల్లగా బలం తగ్గించుకుంటాయి. లారీల మధ్య ఆ స్థితి రానివ్వకూడదు.

దీంతో ఎంత దూరం పోవచ్చని ఇంకా అనుమానం ఉన్నవాళ్ల కోసం ఒక్క సంగతి. 2021లో మన హైదరాబాద్‌లోనే తయారైన గ్రావ్‌టన్ క్వాంటా అనే కరెంటు బైకు కన్యాకుమారి నుంచి ఖార్దుంగ్ లా దాకా పోయింది. మనకు అంత అక్కర్లేదు. గుట్ట దాకా చాలు, అక్క ఇంటి దాకా చాలు.

చివరగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. స్వర్ణోత్సవానికి గుర్తుగా ఏదో ఒకటి కట్టాలని నిధి జమ చేస్తున్నాం. ఆర్చ్ కట్టినా, గడియారం పెట్టినా సంతోషమే. వాటితోపాటు బడి గోడ వెంట, క్లాసు గదులకు దూరంగా, రేకుల నీడలో నాలుగు మంచి సాకెట్లు పెడదాం. ఒక మీటరు, ఎంసీబీలు, ఎర్తింగ్, ఇసుక బకెట్లు. బండి మీద వచ్చే టీచర్లు, స్కూటర్ మీద వచ్చే పూర్వ విద్యార్థులు వాడుకుంటారు, వాడుకున్నంత డబ్బు కడతారు. వైరింగ్ పని నేను ఉచితంగా చూసుకుంటాను. పక్కనే ఒక నోటుబుక్ వేలాడదీద్దాం. ఎవరెంత దూరం నుంచి వచ్చారు, ఎంత శాతం ఖర్చయింది అని రాయాలి. ఆ పుస్తకాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకిస్తే, పని, శక్తి, సామర్థ్యం పాఠానికి అంతకంటే మంచి లెక్కల పుస్తకం ఉండదు. మాకు ఆ పాఠం చెప్పిన సారు బోర్డు మీద ఎడ్లబండి బొమ్మ గీసి చెప్పారు. ఈ పిల్లలకు వాళ్ల టీచరు వచ్చిన స్కూటర్‌నే చూపించి చెప్పవచ్చు.

ఈ ప్రతిపాదనను సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టమని కోరుతున్నాను. ప్రశ్నలున్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. మీ బండి నంబరు అక్కర్లేదు, నోటుబుక్ తెండి.